ఎన్‌కే1 రిసెప్టర్ మోడల్ డైరీ: 90 శాతం మూసేసినా నొప్పి ఎందుకు ఆగలేదు

రోజు 1

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి చాలా ఏళ్లయింది. ఇంట్లో అందరం గమనించింది ఏంటంటే కీళ్లు వాచిన వారం నొప్పి ఒక్కటే రాదు, మనసు కూడా కుంగిపోతుంది, ఎవరితో మాట్లాడదు, నిద్ర ఉండదు, చిన్నదానికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నొప్పి ఉన్న మనిషికి దిగులు ఉండదా అంటారు, అదీ నిజమే, కానీ ఒక్కోసారి దిగులు ముందొచ్చి వాపు రెండ్రోజులు ఆగి వస్తుంది. వాపు, నొప్పి, దిగులు ఈ మూడిటినీ లోపల ఎక్కడైనా ఒకటే ముడేసి ఉందా అని చాన్నాళ్లుగా నా బుర్రలో తిరుగుతోంది.

దాని గురించి చదువుతూ పోతే పదేపదే ఎదురైన పేరు ఎన్‌కే1 రిసెప్టర్ (కణం మీద ఉండి కబురు అందుకునే ప్రొటీన్). దీన్ని తట్టిలేపే న్యూరోపెప్టైడ్ (నరాలు వదిలే చిన్న ప్రొటీన్ ముక్క) పేరు సబ్‌స్టెన్స్ పీ. 1931లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జాన్ గాడమ్ ఇద్దరూ గుర్రం మెదడు, పేగుల నుంచి తీసిన సారంలో దీన్ని పట్టుకున్నారు, పేగు ముక్కని ముడుచుకునేలా చేస్తోంది, బీపీ దించుతోంది, అట్రోపిన్ (అసిటైల్‌కోలిన్ పనిని ఆపే మందు) వేసినా ఆగట్లేదు కాబట్టి అసిటైల్‌కోలిన్ కాదు, ఇంకేదో. అప్పుడు గుర్తుకోసం పెట్టుకున్న పీ అక్షరమే పేరుగా మిగిలిపోయింది. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు అందులో ఉన్న అణువు ఏంటో ఎవరికీ తేలలేదు. సూసన్ లీమన్ ఆవు హైపోథాలమస్‌లో వేరే హార్మోన్ కోసం వెతుకుతూ ఉంటే ఎలుకలకి లాలాజలం ఊరించే పదార్థం ఒకటి దొరికింది, చూస్తే అది ఇదే, 1971కల్లా దాని వరస మొత్తం బయటపడింది, 11 అమైనో ఆమ్లాలు అంతే. ఇంత చిన్న ముక్క!

రిసెప్టర్ సంగతికొస్తే మనిషిలో 407 అమైనో ఆమ్లాల గొలుసు, కణం పొరని ఏడుసార్లు దాటుతుంది, పెప్టైడ్ వచ్చి కూర్చుంటే లోపల జీక్యూ అనే ప్రొటీన్ కదిలి, ఫాస్ఫోలైపేజ్ సీ లేచి, ఐపీ3 పుట్టి, కాల్షియం ఒక్కసారిగా పొంగుతుంది. ఇది ఎక్కడెక్కడ ఉంటుందో చూస్తే నా ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. వెన్నుపాము వెనక కొమ్ములో పై పొర (లామినా 1) న్యూరాన్ల మీద ఉంది, అది నొప్పి కబురు మెదడుకి ఎక్కే దారి. అమిగ్డలాలో, లోకస్ సెరూలియస్‌లో ఉంది, అది భయం, బెంగ, మెలకువల చోటు. బ్రెయిన్‌స్టెమ్‌లో వాంతిని నడిపే సర్క్యూట్‌లో ఉంది. రక్తనాళాల లోపలి పొర మీద ఉంది, మాక్రోఫేజ్‌లు, టీ సెల్స్ అనే ఇమ్యూన్ కణాల మీద ఉంది.

అయితే అసలు చిక్కు ఇక్కడే. 1991లో ఈ రిసెప్టర్‌ని మూసే మొదటి పెప్టైడ్ కాని మందు (సీపీ-96,345) వచ్చింది, జంతువుల్లో నొప్పి మీద బాగా పనిచేసినట్టు కనపడింది, 1997లో సబ్‌స్టెన్స్ పీకి సాపోరిన్ అనే విషం తగిలించి ఎలుకల వెన్నులో వేస్తే ఎన్‌కే1 ఉన్న న్యూరాన్లు మాత్రమే చచ్చిపోయి, గాయం తర్వాత వచ్చే అతి సున్నితం తగ్గింది, మామూలు నొప్పి తెలియడం మాత్రం చెడలేదు. ఎంత అందమైన ప్రయోగం అది. తర్వాత మనుషుల్లో మందులు పెట్టి చూస్తే పన్ను తీసినప్పటి నొప్పికి కాస్త పనిచేసింది తప్ప మైగ్రేన్‌కి, నరాల నొప్పికి, ఆస్టియో ఆర్థరైటిస్‌కి ఏం ఉపయోగం లేదు. డిప్రెషన్‌లో 1998లో ఎంకే-869 అనే మందు పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందుతో సమానంగా పనిచేసిందని వచ్చింది, ఐదేళ్ల తర్వాత పెద్ద ట్రయల్స్‌లో అదే మందు ప్లాసీబోని (మందు లేని ఉత్తి గోలీని) దాటలేకపోయింది. ఆ 2003లోనే అదే మందు అప్రెపిటెంట్ పేరుతో కీమోథెరపీ వాంతులకి అమెరికాలో ఆమోదం తెచ్చుకుంది, ఇప్పటికీ వాడుతున్నారు.

రిసెప్టర్ ఒకటే, మందు ఒకటే, వాంతుల దగ్గర గెలిచింది, నొప్పి దగ్గర, మనసు దగ్గర ఓడింది. ఎందుకు? పైథాన్‌లో చిన్న మోడల్ కట్టి అంకెలతో ఆడి చూద్దాం అని మొదలుపెట్టా. అమ్మ మందుల జోలికి ఈ ప్రాజెక్టు పోదు, అది డాక్టర్ గారి పని, నాకు అర్థం కావాలి అంతే.

రోజు 3

మొదటి మోడల్ పది లైన్లు కూడా లేదు. రిసెప్టర్ ఖాళీగా ఉంటుంది, లేదా సబ్‌స్టెన్స్ పీ కూర్చుని ఉంటుంది, లేదా బ్లాకర్ (రిసెప్టర్‌ని మూసే మందు) కూర్చుని ఉంటుంది. సబ్‌స్టెన్స్ పీ కేడీ (సగం రిసెప్టర్లు నిండే సాంద్రత) 1 నానోమోలార్ అని పెట్టుకున్నా (ఆ చుట్టుపక్కలే ఉంటుంది), ఒక పోటు (సబ్‌స్టెన్స్ పీ ఒక్కసారిగా ఎగజిమ్మడం) వచ్చినప్పుడు 10 నానోమోలార్ అనుకున్నా. బ్లాకర్ లేకపోతే 10ని 11తో భాగిస్తే 91 శాతం రిసెప్టర్లు నిండుతాయి.

ఇప్పుడు బ్లాకర్ ముందే 90 శాతం పట్టేసి ఉందనుకుందాం. ఈ 90 నేను గాల్లోంచి తీసుకోలేదు, 2004లో పెట్ స్కాన్‌తో (రేడియోధార్మిక గుర్తు వాడి తీసే స్కాన్) మనుషుల మెదళ్లలో అప్రెపిటెంట్ ఎంత నిండుతుందో కొలిచారు, రక్తంలో మిల్లీలీటర్‌కి 10 నానోగ్రాముల దగ్గర సగం, 100 నానోగ్రాముల దగ్గర 90 శాతం. సరే, 90 శాతం మూసి ఉన్న చోటికి అదే పోటు వస్తే? రెండూ ఒకే కుర్చీకి పోటీ కాబట్టి సూత్రంలో వేస్తే 10 భాగించు 20, అంటే సరిగ్గా 50 శాతం.

కాసేపు స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయా. 90 శాతం మూసినా సగం తెరుచుకుంటుందా! నొప్పి ఆగకపోవడానికి కారణం దొరికేసింది అనుకున్నా ఆ రాత్రి.

రోజు 4

ఈక్వేషన్లని టైమ్‌తో నడిపిద్దాం అని డిఫరెన్షియల్ ఈక్వేషన్లుగా రాస్తే 91 రావాల్సిన చోట 100 శాతం వచ్చింది, అదీ మొదటి సెకన్ కూడా పూర్తికాకముందే, పైగా సాల్వర్ నత్తలా నడుస్తోంది. మూడు గంటలు పోయాక తెలిసింది, కలిసే వేగం మోలార్‌లో ఇచ్చి సాంద్రత నానోమోలార్‌లో ఇచ్చా, అంటే వందకోట్ల రెట్లు తేడా. ఎవరైనా ఇలాంటిది చేస్తుంటే మొదటిరోజే యూనిట్లన్నీ ఒక్క చోట రాసిపెట్టుకోండి, నేను ఇప్పుడు ఫైల్ పైనే పెద్దక్షరాలతో రాసుకున్నా: అన్నీ నానోమోలార్, అన్నీ సెకన్లు. సాల్వర్‌ని కూడా మార్చా, ఎందుకంటే సెకన్లలో జరిగేవీ గంటల్లో జరిగేవీ ఒకే మోడల్‌లో ఉన్నప్పుడు మామూలు సాల్వర్ చిన్నచిన్న అడుగులేస్తూ చచ్చిపోతుంది, స్టిఫ్ వాటికని పెట్టినది వాడాలి.

రోజు 6

ఫార్మకాలజీ చదివిన ఫ్రెండ్‌కి నా 50 శాతం గ్రాఫ్ పంపా. గ్రాఫ్ చూసి అన్న మొదటి మాట, "రేయ్, ఈక్విలిబ్రియం వచ్చేదాకా ఆ పోటు ఆగుతుందని ఎవరు చెప్పారు నీకు?"

నిజమే కదా. నేను వాడిన సూత్రం అన్నీ సర్దుకున్నాక ఉండే లెక్క. అప్రెపిటెంట్ లాంటివి రిసెప్టర్‌లోంచి చాలా మెల్లగా బయటికొస్తాయి, పోటు మాత్రం క్షణాల్లో వచ్చి పోతుంది, కుర్చీలో ఉన్నవాడు లేచేలోపు వచ్చినవాడు వెళ్లిపోతాడు, ఇంక పోటీ ఎక్కడిది. బ్లాకర్ సగం బయటికి రావడానికి 2 గంటలు పడుతుందని పెట్టి (ఇది మోడల్ కోసం నేను ఎంచుకున్న విలువ), 60 సెకన్ల పోటు ఇచ్చి నడిపా. ఖాళీగా ఉన్న ఆ 10 శాతం రిసెప్టర్లే దొరుకుతాయి, వాటిలో 91 శాతం నిండుతాయి, పోటు నడిచిన నిమిషంలో ఇంకో అర శాతం కూడా బ్లాకర్ వదల్లేదు. మొత్తం 9, 10 శాతం మధ్యలో ఆగింది. 50 కాదు, 9!

అదే మందు, అదే డోసు, టైమ్ ఒక్కటి లెక్కలోకి తెచ్చేసరికి జవాబు ఐదు రెట్లు మారింది. మూడోరోజు రాత్రి సంతోషం మొత్తం తీసేయాల్సి వచ్చింది కానీ దీనివల్ల మోడల్ మీద నమ్మకం పెరిగింది. ఇప్పుడు ప్రశ్న తిరగబడింది, 91 నుంచి 9కి పడిపోతే నొప్పి ఆగాలి కదా, మరి ఎందుకు ఆగలేదు?

రోజు 9

రిసెప్టర్ నిండడం వేరు, కణం స్పందించడం వేరు. ఇది పుస్తకంలో చదివినప్పుడు ఎక్కదు, కోడ్‌లో రాసినప్పుడు ఎక్కింది. చాలా కణాల్లో అవసరానికి మించి రిసెప్టర్లు ఉంటాయి, కొన్ని నిండినా చాలు, లోపల సిగ్నల్ మెట్టు మెట్టుకీ పెరుగుతూ పోయి పూర్తి స్పందన వచ్చేస్తుంది. దీన్ని మోడల్‌లో టౌ అనే ఒక్క సంఖ్యతో పెట్టొచ్చు, టౌ ఎక్కువుంటే మిగులు రిసెప్టర్లు ఎక్కువ.

టౌ 10 అని పెట్టా. బ్లాకర్ లేకుండా స్పందన 90 శాతం. 90 శాతం మూసినప్పుడు రిసెప్టర్లు 9 శాతమే నిండాయి కదా, స్పందన మాత్రం 48 శాతం వచ్చింది. అంటే సగానికి పైగా మిగిలే ఉంది. ఇప్పుడు 99 శాతం మూస్తే? స్పందన 8 శాతం. 90కీ 99కీ మధ్య కాగితం మీద చిన్న తేడా, కణానికి మాత్రం అది బతుకంత తేడా. టౌ 1 ఉన్న కణానికి అయితే 90 శాతం మూసినా స్పందన 8 శాతానికి పడిపోతుంది, ఇంక 99 అవసరమే లేదు.

అంటే ఒకే మందు, ఒకే డోసు, ఒక కణజాలంలో పూర్తిగా నోరు మూయిస్తుంది, పక్క కణజాలంలో సగం కూడా ఆపలేదు. ఇది నా మోడల్ ఆట మాత్రమే, కానీ ఇక్కడ ఒళ్లు జలదరించిన సంగతి ఏంటంటే తర్వాత వచ్చిన ఓర్వెపిటెంట్ అనే మందుతో డిప్రెషన్ ట్రయల్స్ చేసినవాళ్లు ఇదే వాదన పెట్టారు, మెదడులో ఎన్‌కే1 దాదాపు పూర్తిగా మూసుకుంటేనే మనసు మీద పనిచేస్తుంది, పాత మందులు ఆ అంచుదాకా పోలేదు అని. నా పది లైన్ల కోడ్ అదే వైపు చూపిస్తుందని అనుకోలేదు.

రోజు 11, 12, 13

పక్కదారి పట్టా. జంతువుల్లో పనిచేసినవి మనుషుల్లో ఎందుకు తప్పాయో చూద్దామని మనిషి, ఎలుక ఎన్‌కే1 వరసలు పక్కపక్కన పెట్టా. రెండూ 407, తేడాలు ఇరవై చిల్లర మాత్రమే. వాటిలో రెండే రెండు, గొలుసులో 116వ చోట మనిషికి వాలీన్ ఎలుకకి ల్యూసీన్, 290వ చోట మనిషికి ఐసోల్యూసీన్ ఎలుకకి సెరీన్. ఈ రెండిటివల్లే సీపీ-96,345 మనిషి రిసెప్టర్‌ని గట్టిగా పట్టుకుంటుంది, ఎలుకదాన్ని పట్టించుకోదు, ఎలుక రిసెప్టర్‌లో ఈ రెండూ మారిస్తే మనిషి దానిలా ప్రవర్తిస్తుందని 1990ల మొదట్లోనే చూపించారు. అందుకే ఈ రంగంలో గినీ పిగ్‌లు, జెర్బిల్‌లు ఇంతగా కనపడతాయి, వాటి రిసెప్టర్ మనిషి దానికి దగ్గర. జెర్బిల్ మెదడులో ఎన్‌కే1ని రెచ్చగొడితే వెనక కాళ్లతో టపటపా నేల కొడుతుంది, బ్లాకర్ మెదడులోకి చేరితే ఆగిపోతుంది, మందు లోపలికి వెళ్లిందో లేదో చూడ్డానికి అదే పరీక్ష.

ఈ తేడాని నేను కూడా కంప్యూటర్‌లో చూస్తా అని అప్రెపిటెంట్ కూర్చున్న క్రిస్టల్ నిర్మాణం (6హెచ్‌ఎల్‌ఓ) దించుకుని ఆటోడాక్ వినా అనే ప్రోగ్రాంలో డాకింగ్ (మందు రిసెప్టర్‌లో ఎక్కడ, ఎలా కూర్చుంటుందో వెతకడం) మొదలుపెట్టా. మొదటిసారి మందు ఎక్కడో కణం లోపలివైపు, అసలు పాకెట్‌కి (మందు కూర్చునే గుంటకి) చాలా దూరంలో వెళ్లి కూర్చుంది. రిసెప్టర్‌ని క్రిస్టల్‌గా గడ్డకట్టించడానికి వాళ్లు మూడో లోపలి లూప్ చోట వేరే ప్రొటీన్ (గ్లైకోజన్ సింథేజ్ ముక్క) అతికించారు, నేను దాన్ని తీసేయకుండా మొత్తం అణువు మధ్యలో బాక్స్ పెట్టా, అందుకే. ఆ ముక్క తీసేసి, బాక్స్ పాకెట్ మీదకి జరిపితే మందు దాదాపు క్రిస్టల్‌లో ఉన్నట్టే కూర్చుంది, హమ్మయ్య. తర్వాత 116, 290 రెండూ ఎలుక లాగా మార్చి మళ్లీ చేశా, స్కోరులో తేడా ఎంత చిన్నదంటే చెప్పుకోడానికి లేదు. వినాలో రెండు కిలోకేలరీల పొరపాటు మామూలే, పైగా రిసెప్టర్‌ని రాయిలా కదలకుండా పెట్టి చేస్తున్నా, నిజంలో ఆ రెండు చోట్లూ పాకెట్ ఆకారాన్నే కాస్త మారుస్తాయి. కదలని రాయిలో అది కనపడదు. మూడు రోజులు పోయాయి, డాకింగ్ ఫోల్డర్ పక్కన పెట్టేశా. దీనికి మాలిక్యులర్ డైనమిక్స్ (అణువుల కదలికని లెక్కగట్టే సిమ్యులేషన్) కావాలి, నా లాప్‌టాప్ మోయలేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. 2021, 2022లో సబ్‌స్టెన్స్ పీ కూర్చున్న రిసెప్టర్ క్రయో-ఈఎం (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) నిర్మాణాలు వచ్చాయి, వ్యూయర్‌లో తిప్పి తిప్పి చూశా. పెప్టైడ్ తోక (ఫినైలలనీన్, గ్లైసీన్, ల్యూసీన్, మెథియోనీన్ ఉన్న వైపు, ఈ కుటుంబం పెప్టైడ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండేది) పాకెట్ లోతుల్లోకి దిగి ఉంటుంది, తల వైపు బయటి లూపుల దగ్గర తేలుతూ ఉంటుంది. అప్రెపిటెంట్ ఈ తోక దిగే గుంటలోనే ఇరుక్కుంటుంది. అది కళ్లతో చూశాక నా మోడల్‌లో పోటీ అని రాసిన లైను నాకే కొత్తగా కనపడింది.

రోజు 16

ఇమ్యూన్ భాగం. ఇది రాయడానికి భయపడుతూ వాయిదా వేస్తూ వచ్చా ఎందుకంటే చాలా చిక్కుగా ఉంది.

వాపు ఎలా మొదలవుతుందంటే, చర్మంలోనో కీలులోనో నొప్పి నరం కొస రెచ్చిపోతే కబురు వెన్నుపాముకి పోవడమే కాదు, అదే నరం కొమ్మల్లోంచి వెనక్కి, బయటికి కూడా సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే ఇంకో పెప్టైడ్ చిమ్ముతుంది. సీజీఆర్‌పీ నాళాల్ని వెడల్పు చేస్తుంది, సబ్‌స్టెన్స్ పీ నాళం గోడ మీద ఎన్‌కే1ని తట్టి ప్లాస్మా కారేలా చేస్తుంది, అందుకే అక్కడ ఎర్రగా, వెచ్చగా, ఉబ్బుగా అవుతుంది. అంటే నరం కేవలం వాపుని చెప్పేది కాదు, వాపుని పుట్టించేది కూడా. అమ్మ కీళ్ల గురించి ఇది చదివినప్పుడు కాసేపు లేచి అటూ ఇటూ తిరిగా. 1984లోనే ఎలుకల ఆర్థరైటిస్‌లో సబ్‌స్టెన్స్ పీ ఎక్కువున్న నరాలు ఉన్న కీళ్లకే జబ్బు తీవ్రంగా వస్తుందని, ఆ పెప్టైడ్ కీలులోకి ఎక్కిస్తే జబ్బు ముదురుతుందని చూపించారు. 1988లో మనిషి మోనోసైట్లకి (ఒక రకం తెల్ల రక్తకణాలకి) సబ్‌స్టెన్స్ పీ తగిలితే ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్లు (వాపుని పెంచే ప్రొటీన్లు) విడుదలవుతాయని వచ్చింది, ఇవాళ రుమటాయిడ్‌కి ఇచ్చే ఖరీదైన ఇంజెక్షన్లు ఆపేది ఇలాంటి సైటోకైన్లనే.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి రాసిపెట్టాలి. మాస్ట్ సెల్స్ (అలర్జీ కణాలు) సబ్‌స్టెన్స్ పీకి హిస్టమిన్ వదులుతాయి కదా అని ఆ అంకెలు తెచ్చి ఎన్‌కే1 మోడల్‌లో ఇరికించబోయా, ఎంత చేసినా సరిపోదు, వంద నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ పెప్టైడ్ కావాల్సి వస్తోంది. తర్వాత చూస్తే ఆ పని చేసేది ఎన్‌కే1 ప్రధానంగా కాదు, ఎంఆర్‌జీపీఆర్ఎక్స్2 అనే వేరే రిసెప్టర్, 2015లో ఎలుకల్లో దాని జోడీతో ఇది బాగా తేలింది. అంటే ఎన్‌కే1ని ఎంత మూసినా మాస్ట్ సెల్ తలుపు తెరిచే ఉంటుంది. అంకె సరిపోనప్పుడు పారామీటర్ తిప్పుకుంటూ కూర్చోకుండా ముందే అనుమానించి ఉంటే ఒక రోజు మిగిలేది.

ఇంకో చిక్కు, ఎన్‌కే1లో పొట్టి రూపం ఒకటుంది, 407 బదులు 311 అమైనో ఆమ్లాలే, లోపలి తోక ఉండదు. మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లలో ఇదే ఎక్కువ. తోక లేకపోతే అరెస్టిన్ (రిసెప్టర్‌ని ఆపే ప్రొటీన్) పట్టుకోడానికి చోటు ఉండదు, కాబట్టి రిసెప్టర్ అలిసిపోవడం, లోపలికి లాక్కోబడటం తక్కువ, కాల్షియం పొంగు కూడా పెద్ద రిసెప్టర్‌లా రాదు. మోడల్‌లో దీన్ని విడిగా పెట్టా: లోపలికెళ్లే వేగం సున్నా, టౌ తక్కువ. దీనివల్ల పెద్ద రూపం ఉన్న న్యూరాన్‌లో సిగ్నల్ లేచి పడిపోతుంది, పొట్టి రూపం ఉన్న మాక్రోఫేజ్‌లో చిన్నగానే కానీ పెప్టైడ్ ఉన్నంతసేపూ అలా నడుస్తూనే ఉంటుంది. గ్రాఫ్‌లో ఆ రెండు గీతలు చూస్తే ఒకటి కేకలా, ఒకటి గొణుగుడులా ఉంది.

రోజు 19, 20

కొత్త థియరీ ఒకటి కట్టా, మరుసటి రోజే అది కూలింది, రెండూ రాస్తున్నా.

థియరీ ఏంటంటే, పోటు నిమిషమే అయితే మెల్లగా వదిలే బ్లాకర్ గెలుస్తుంది అని ఆరోరోజు చూశాం. మరి సబ్‌స్టెన్స్ పీ గంటల తరబడి అదే స్థాయిలో ఉంటే? నడిపి చూశా. 90 శాతం బ్లాకర్‌తో మొదలైనా 2 గంటలకి సబ్‌స్టెన్స్ పీ నింపినవి 38 శాతం, 6 గంటలకి 49 శాతం, అంటే మెల్లమెల్లగా మళ్లీ ఆ మూడోరోజు 50 శాతానికే చేరుతోంది. ఇంకేం, వాంతి అంటే పోటు, దీర్ఘకాలం నొప్పి అంటే ఆగని కారుడు, అందుకే ఒకచోట గెలిచి ఇంకోచోట ఓడింది! ఎంత చక్కగా సరిపోయిందో అని నిద్ర కూడా పట్టలేదు.

పొద్దున్నే లేచి వాంతుల గురించి ఇంకాస్త చదివితే అంతా పోయింది. కీమో తర్వాత వాంతులు రెండు దశలు, మొదటి 24 గంటలవి ఎక్కువగా పేగులో సెరోటోనిన్ వల్ల, దానికి ఆండాన్‌సెట్రాన్ లాంటివి బాగా పనిచేస్తాయి, రెండో రోజు నుంచి ఐదో రోజుదాకా వచ్చే ఆలస్యపు దశలోనే సబ్‌స్టెన్స్ పీ పాత్ర ఎక్కువ, అప్రెపిటెంట్ గొప్పగా కనపడేది అక్కడే. మొదటి రోజు 125 మిల్లీగ్రాములు, తర్వాత రెండు రోజులు 80 చొప్పున ఇచ్చేది అందుకే. అంటే మందు గెలుస్తున్నది పోటు మీద కాదు, రోజుల తరబడి సాగే దాని మీదే. నా థియరీ చెప్పినదానికి సరిగ్గా ఎదురు.

బాధేసింది కానీ అదే రాత్రి ఇంకో మార్గం కనపడింది, తప్పు రిసెప్టర్ లెక్కలో కాదు, రిసెప్టర్ తర్వాత ఏముందో నేను పెట్టకపోవడంలో ఉంది. వెన్నుపాములో నొప్పి నరం సబ్‌స్టెన్స్ పీ ఒక్కటే వదలదు, గ్లూటమేట్ (న్యూరాన్లని ఉత్తేజపరిచే ప్రధాన రసాయనం) వదులుతుంది, సీజీఆర్‌పీ వదులుతుంది, అన్నీ కలిసి ఒకే న్యూరాన్‌ని తోస్తాయి. మోడల్‌లో గ్లూటమేట్ తోపుని కూడా కలిపి, ఒక గడప దాటితేనే న్యూరాన్ మోగుతుందని పెడితే, ఎన్‌కే1 తీసేసినా గ్లూటమేట్ ఒక్కటే గడప దాటించేస్తోంది, సబ్‌స్టెన్స్ పీ చేసేది ఆ మోతని పొడిగించడం, పెంచడం మాత్రమే. వాంతి సర్క్యూట్‌లో మాత్రం కడుపు నుంచి వచ్చినా, రక్తం నుంచి వచ్చినా కబుర్లన్నీ చివరికి ఎన్‌కే1 ఉన్న చోటు దాటే పోవాలి అని పెట్టి చూశా, అప్పుడు ఆ ఒక్క చోటు మూస్తే చాలు. ఎన్‌కే1 బ్లాకర్లు జంతువుల్లో ఎన్నో రకాల కారణాలతో వచ్చే వాంతుల్ని ఆపుతాయి, కుక్కలకి ప్రయాణంలో వచ్చే వాంతులకి మారోపిటెంట్ ఇచ్చేది కూడా ఇదే దారి, కాబట్టి ఈ బొమ్మ అంత అన్యాయమైనది కాదనిపిస్తోంది.

రోజు 23

ఈ రోజు చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది.

సబ్‌స్టెన్స్ పీ తగిలిన నిమిషాల్లోనే ఎన్‌కే1 కణం పొర మీంచి లోపలికి, ఎండోసోమ్ అనే సంచుల్లోకి వెళ్లిపోతుంది, 1995లో ఎలుక పాదాన్ని రెచ్చగొట్టి వెన్నులో న్యూరాన్లు చూస్తే రిసెప్టర్లన్నీ చుక్కలు చుక్కలుగా లోపల కనపడ్డాయి. చాలాకాలం ఇది అలిసిపోవడం, సిగ్నల్ ఆపేయడం అనుకున్నారు. మోనాష్ యూనివర్సిటీ వాళ్లు 2017లో తేల్చిందేంటంటే లోపలికెళ్లిన రిసెప్టర్ అక్కడినుంచీ సిగ్నల్ ఇస్తూనే ఉంటుంది, నొప్పి సాగడానికి అదీ కారణం. బ్లాకర్‌కి కొలెస్ట్రాల్ లాంటి కొవ్వు తోక తగిలించి ఎండోసోమ్ దాకా పంపితే ఎలుకల్లో నొప్పి మామూలు బ్లాకర్ కన్నా ఎక్కువసేపు తగ్గింది. రెండేళ్ల తర్వాత అప్రెపిటెంట్‌నే ఆమ్లంలో విచ్చుకునే నానో పార్టికల్‌లో పెట్టి అదే చోటికి పంపి అదే ఫలితం తెచ్చారు. మందు కొత్తది కాదు, చేరిన చోటు కొత్తది.

మోడల్‌లో ఇంకో గది పెట్టా. సబ్‌స్టెన్స్ పీ పట్టుకున్న రిసెప్టర్ సగం రెండు నిమిషాల పైచిలుకులో లోపలికెళ్తుంది, సగం అరగంటకి తిరిగి పైకొస్తుంది అని పెట్టుకున్నా (లోపల ఈసీఈ-1 అనే ఎంజైమ్ పెప్టైడ్‌ని ముక్కలు చేస్తేనే రిసెప్టర్ విడుదలై పైకి రాగలదు, అది కూడా ఈ వేగంలోనే కలిపేశా). అదే 60 సెకన్ల పోటు, బ్లాకర్ లేదు. పోటు ఆగిన 5 నిమిషాలకి పైన సిగ్నల్ 1 శాతం కూడా లేదు. లోపల 40 శాతం దగ్గర ఉంది! అరగంట తర్వాత కూడా 20 శాతం పైనే. పైన చూస్తే అంతా ప్రశాంతం, లోపల ఇంకా మండుతోంది.

ఇప్పుడు పోటు అయ్యాక బ్లాకర్ వేశా, పైపొర మీద మాత్రమే పనిచేసేది అయితే లోపలి గీత కదల్లేదు, వేసినా వెయ్యకపోయినా ఒకటే. లోపలికి కూడా చేరేది అయితే గీత వెంటనే కిందికి దిగింది. అప్పటికే నొప్పితో ఉన్న మనిషికి మందు ఇవ్వడానికీ, కీమోకి గంట ముందే మందు ఇచ్చి కూర్చోబెట్టడానికీ తేడా నా స్క్రీన్ మీదే కనపడింది. వాంతులకి ముందే మూసేస్తున్నాం. నొప్పికి రిసెప్టర్ లోపలికి వెళ్లిపోయాక తలుపు తడుతున్నాం.

రోజు 27

మనసు సంగతి ఇంకా ముట్టుకోలేదు అనిపించి ఈ వారం దాని మీద కూర్చున్నా. 1998 పేపర్‌లో తల్లి నుంచి విడదీసిన గినీ పిగ్ పిల్లలు అరిచే అరుపులు ఎన్‌కే1 బ్లాకర్‌తో తగ్గాయి. అదే ఏడాది ఎన్‌కే1 లేకుండా పుట్టించిన ఎలుకల్లో నొప్పి పెరిగే తీరు తగ్గింది, దూకుడు కూడా తగ్గింది, 2000లో అలాంటి ఎలుకలకే మార్ఫిన్ ఇస్తే నొప్పి తగ్గుతుంది కానీ మళ్లీ కావాలన్న ఆశ పుట్టట్లేదని వచ్చింది. ఒక జీన్ తీసేస్తే నొప్పి, కోపం, ఆశ మూడూ కదిలాయి. ఆ ఎలుకల మెదడులో సెరోటోనిన్ న్యూరాన్లు ఎక్కువ వేగంగా మోగుతుంటాయి, డిప్రెషన్ మందులు వారాల తరబడి వాడితే వచ్చే మార్పు లాంటిదే.

అమ్మ విషయంలో దిగులు ముందు, వాపు తర్వాత ఎందుకొస్తుందో దీనితో చెప్పెయ్యాలని మనసులో ఉంది, కానీ ఈ మోడల్‌తో చెప్పకూడదు, రుమటాయిడ్‌లో రక్తంలో పెరిగే ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ కూడా మెదడుకి చేరి మనిషిని నీరసంగా, ఒంటరిగా ఉండేలా చేస్తాయి, వాటికి ఎన్‌కే1 అక్కర్లేదు. కాబట్టి మోడల్‌లో సైటోకైన్ల నుంచి మెదడుకి విడిగా ఇంకో బాణం గీశా, దాని బరువు ఎంతో మార్చి మార్చి చూస్తున్నా.

ఇప్పటి స్థితి: నాలుగు రకాల కణాలు నడుస్తున్నాయి, వెన్ను న్యూరాన్ (ఎండోసోమ్ గది, గ్లూటమేట్ తోపు ఉన్నది), వాంతి న్యూరాన్, అమిగ్డలా న్యూరాన్ (టౌ ఎక్కువ), మాక్రోఫేజ్ (పొట్టి రిసెప్టర్). నాలిగిటికీ ఒకే బ్లాకర్, 50 నుంచి 99.5 శాతం దాకా అర శాతం చొప్పున పెంచుతూ 100 రన్‌లు పెట్టా. 90 శాతం దాకా పూర్తయ్యాయి. 90 శాతం దగ్గర వాంతి గీత నేలకి ఆనింది, అమిగ్డలా గీత ఇంకా సగం ఎత్తులో ఉంది, వెన్ను గీత గ్లూటమేట్ గడప మీద అలాగే కూర్చుంది, మాక్రోఫేజ్ గీత మెల్లగా దిగుతోంది. మిగతావి రాత్రికి నడుస్తాయి, అమ్మ గదిలో లైటు వెలుగుతోంది, ఒకసారి చూసొస్తా.